మిశ్రమ అభ్యసనంలో తెలుగు పాఠం: ఉన్నత పాఠశాల స్థాయి – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం
ఆన్‌లైన్ పాఠాన్ని, ముఖాముఖి తరగతిని కలిపి నడిపే విధానాన్ని మిశ్రమ అభ్యసనం అంటున్నాం. 6 నుంచి 10వ తరగతి వరకు తెలుగు బోధనకు ఈ విధానం ఏ మేరకు ఉపకరిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వివరణను తెరకు అప్పగించడం వల్ల మిగిలే సమయం విద్యార్థి నోటికి, కలానికి దక్కినప్పుడే ఈ విధానం భాషాబోధనకు మేలు చేస్తుందని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: మిశ్రమ అభ్యసనం, తెలుగు బోధన, పద్యపఠనం, స్వీయరచన, పీరియడు, వంతుల పద్ధతి.

1. ఉపోద్ఘాతం
కోవిడ్ కారణంగా బడులు మూతపడినప్పుడు పాఠం తెర మీదికి చేరింది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఛానల్ ఆ బాధ్యతను తీసుకుంది. బడులు తెరిచిన తరువాత కూడా తెర తొలగిపోలేదు. పాఠ్యపుస్తకాల్లో దీక్ష వేదికకు దారి చూపే క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులను పంపిణీ చేసింది.

జాతీయ విద్యావిధానం-2020 ముఖాముఖి బోధన ప్రాధాన్యాన్ని గుర్తిస్తూనే, వేర్వేరు సబ్జెక్టులకు తగిన మిశ్రమ నమూనాలను గుర్తించాలని సూచించింది. ఈ సూచనలో కీలకమైన మాట ‘వేర్వేరు సబ్జెక్టులకు’ అన్నది. గణితానికి తగిన నమూనా తెలుగుకు తగుతుందా అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. మిగిలిన సబ్జెక్టులన్నీ ఇంగ్లీషులో చదివే విద్యార్థికి తెలుగులో ఆలోచించి ఒక పేరా రాసే సందర్భం బడిలో ఆ ఒక్క పీరియడే. తెలంగాణ 2018లో చట్టం ద్వారా పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేసింది. చట్టం పీరియడును ఇవ్వగలదు. ఆ పీరియడులో విద్యార్థి మాట్లాడతాడా, చూస్తూ కూర్చుంటాడా అన్నది బోధనా పద్ధతి నిర్ణయిస్తుంది.

2. నమూనా మూలం
మిశ్రమ అభ్యసనంలో బాగా ప్రచారం పొందినది తారుమారు తరగతి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, వుడ్‌లాండ్ పార్క్ హైస్కూలులో రసాయనశాస్త్రం బోధించే జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ 2007లో తమ పాఠాలను రికార్డు చేయడం ప్రారంభించారు. తరగతికి రాలేకపోయిన విద్యార్థుల కోసం మొదలైన ఆ ప్రయత్నం క్రమంగా పాఠశాల దినచర్యనే తిరగవేసింది. వివరణ ఇంటికి వెళ్లింది. ఇంటిపని తరగతికి వచ్చింది. విద్యార్థి తడబడే చోట ఉపాధ్యాయుడు పక్కన ఉండటం ఈ పద్ధతి ప్రాణం. వీడియో అందుకు వీలు కల్పించిన సాధనం మాత్రమే. మన చర్చల్లో సాధనానికి దక్కిన స్థానం ప్రాణానికి దక్కలేదు.

3. తెరకు అప్పగించదగినవి
తెలుగు పాఠంలో తెర సమర్థంగా చేయగల పనులు ఉన్నాయి. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణాలు, పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణాలు, 21 అక్షరాలు, పదకొండవ అక్షరం యతిస్థానం. ఇటువంటి లక్షణాలను విద్యార్థి ఎన్నిసార్లైనా తిప్పి చూసుకోవచ్చు. ప్రతిపదార్థం, కవిపరిచయం, పాఠ్యభాగ నేపథ్యం కూడా ఈ కోవలోకే వస్తాయి. చక్కని గాత్రంతో రికార్డు చేసిన పద్యపఠనం మారుమూల పల్లె బడికి కూడా ఆదర్శపఠనాన్ని అందిస్తుంది.

4. తరగతికే చెందినవి
అయితే ఆదర్శపఠనం విన్నంత మాత్రాన విద్యార్థికి పఠనం అలవడదు. అతడు ‘శ’ను ‘స’గా పలికినప్పుడు, ఒత్తును జారవిడిచినప్పుడు, అర్థం తెగే చోట కాకుండా మరోచోట ఆగినప్పుడు దానిని విని సరిచేసే చెవి కావాలి. పాఠ్యపుస్తకాల్లో పాఠం మధ్యలో వచ్చే ‘ఆలోచించండి–చెప్పండి’ ప్రశ్నలు ఇలాంటి ఆగడం కోసమే ఉన్నాయి. ముందే రికార్డయిన పాఠం జవాబు కోసం ఆగినట్లు కనిపించినా, వచ్చిన జవాబును వినలేదు.

వ్యాకరణంలో మరో చిక్కు ఉంది. ‘మహోన్నతం’ ఏ సంధి అని నాలుగు ఐచ్ఛికాలిచ్చి అడిగితే గుణసంధి అని గుర్తించడం సులభం. తన వాక్యంలో ఆ మాటను సందర్భోచితంగా వాడటం వేరే సామర్థ్యం. తెర మీది పరీక్ష మొదటిదానిని కొలిచి, రెండవదానిని కూడా కొలిచినట్లు భ్రమ కలిగిస్తుంది. స్వీయరచన విషయంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. సిద్ధంగా దొరికే జవాబు ఒకప్పుడు గైడులో ఉండేది. ఇప్పుడు వేలికొసన ఉంది. విద్యార్థి రాసిన పేరాను అతని ఎదుటే దిద్దడం తప్ప దీనికి మరో విరుగుడు కనిపించదు.

5. నిమిషాల లెక్క, ఇంటి ఫోను
నలభైమంది విద్యార్థులు, నలభై నిమిషాల పీరియడు అనుకుందాం. వివరణకు ముప్ఫై నిమిషాలు పోతే మిగిలిన పదిలో ఒక్కొక్కరికి వచ్చేది పదిహేను సెకన్లు. ఒక పద్యం పూర్తిగా చదవడానికే అది చాలదు. వివరణ పూర్తిగా తరగతి బయటికి వెళితే ఒక్కొక్కరికి ఒక నిమిషం దక్కుతుంది. మిశ్రమ అభ్యసనానికి అనుకూలంగా చెప్పగల బలమైన వాదన ఇదే. అదే వీడియోను పీరియడులో అందరికీ కలిపి వేస్తే ఒక్క నిమిషమూ మిగలదు. ఒక ఉపన్యాసం స్థానంలో మరో ఉపన్యాసం వస్తుంది, అంతే.

మరి వివరణను ఇంటికే పంపవచ్చు కదా అనవచ్చు. 2024 అసర్ గ్రామీణ సర్వే ప్రకారం దేశంలో 14–16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉంది. దానిని వాడగలిగిన వారిలో, సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. 14–18 ఏళ్ల వారిపై జరిగిన 2023 సర్వేలో, ఫోను వాడగలిగిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోను ఉండగా, అమ్మాయిల్లో అది 19.8 శాతం మాత్రమే. ఇంట్లో ఫోను ఉండటం వేరు, సాయంత్రం అది ఆడపిల్ల చేతికి రావడం వేరు. ఇంటి ఫోనును నమ్ముకున్న పాఠం ఎవరిని వెనుక వదిలేస్తుందో ఈ అంకెలు చెబుతున్నాయి.

6. వంతుల పద్ధతి
ఇంట్లో తెర అందరికీ అందదు. తరగతిలో అందరికీ ఒకేసారి తెర చూపితే సమయం మిగలదు. ఈ రెండింటి మధ్య ఒక దారి ఉంది. తరగతిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టు ఇరవై నిమిషాలు తెర ముందు ఉంటే, రెండవ జట్టులోని ఇరవైమంది ఉపాధ్యాయుని ఎదుట చదవాలి, మాట్లాడాలి, రాయాలి. తరువాత జట్లు మారాలి. అప్పుడు ఒక్కొక్కరికి అదే ఒక నిమిషం దక్కుతుంది. ఇంటి ఫోను అవసరం రాదు.

దీనికి ఇబ్బందులు లేకపోలేదు. ఒకే గదిలో వీడియో శబ్దం, పద్యపఠనం కలిసి సాగవు. హెడ్‌ఫోన్లు గాని, పక్కగది గాని కావాలి. తెర ముందున్న జట్టును కనిపెట్టి ఉండే బాధ్యతను విద్యార్థినాయకునికి అప్పగించవలసి వస్తుంది. ఇరవై నిమిషాలకు సరిపోయేలా పాఠాన్ని రూపొందించాలి. కాబట్టి పరికరాల కొనుగోలుకు ముందే ఈ ఏర్పాట్లను ఆలోచించడం అవసరం.

7. ముగింపు
మిశ్రమ అభ్యసనాన్ని ఇప్పటివరకు ఎన్ని ట్యాబులు ఇచ్చాం, ఎన్ని వీడియోలు చేశాం అన్న లెక్కలతో అంచనా వేస్తున్నాం. తెలుగు పాఠానికి సరిపడే కొలమానం వేరు. ఒక వారంలో ఒక విద్యార్థి ఎన్ని నిమిషాలు గొంతెత్తి చదివాడు, ఎన్ని వాక్యాలు సొంతంగా రాశాడు, వాటిలో ఎన్నింటిని ఉపాధ్యాయుడు దిద్దాడు అన్నవి లెక్కించాలి. ఈ మూడూ పెరిగిన చోట మిశ్రమ అభ్యసనం సఫలమైనట్లు. పెరగని చోట, తెర ఎంత పెద్దదైనా, తెలుగు పీరియడు విద్యార్థికి దక్కనట్లే.