రాళ్ల లోతుల్లో చేపకు ఆనవాలు

లోతు నీళ్లలో రాళ్ల సందుల్లో తిరిగే చేప మన కంటబడేది తక్కువ. రాళ్ల మీదుగా లాగితే ట్రాలు వల చిరిగిపోతుంది, అందుకని బోట్లు అటు పోవు. ఎప్పుడో గాలానికి ఒకటి పడుతుంది. అలా పడినదాన్ని ఆనవాలు పట్టేవాడికి వ్యవధి ఉండదు. ప్రాణం పోయిన కాసేపటికే ఒంటి రంగు మారిపోతుంది. ఫార్మలిన్‌లో వేసి ఉంచితే పసుపు, ఎరుపు పోయి మట్టిరంగు మిగులుతుంది.

విశాఖపట్నం తీరంలో ఈ పనికి పాత వంశవృక్షమే ఉంది. స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780ల్లో ఇక్కడ ఉన్నాడు. ఈస్టిండియా కంపెనీ ఆయన్ను తన ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. రక్తపింజర శాస్త్రీయ నామంలో ఉన్నది ఆయన పేరే. విశాఖలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. బొమ్మలు స్థానిక చిత్రకారులు గీశారు, పేర్లు జాలర్లు చెప్పారు. కోనాం, వంజరం, సొర వంటి మాటలు ఆంగ్ల లిపిలో ఆ పేజీల మీద కనిపిస్తాయి. చేప చేతిలో ఉన్నవాడిని అడిగి పేరు రాసుకోవడం ఆ పుస్తకానికి ప్రాణమని నేను నమ్ముతాను. ఫ్రాన్స్ శాస్త్రవేత్త కువియే 1829లో ఒక సీలా చేపకు జెల్లో అని పేరు పెట్టాడు. అది రస్సెల్ పుస్తకంలోంచి వచ్చిందే.

ఆ పుస్తకంలో ‘అంటికా డూండియావా’ అనే చేప ఉంది. వెన్ను దగ్గర నల్లమచ్చ ఉన్న స్నాపర్ అది. పిల్లలు మడ అడవుల్లో, నదీముఖాల్లో పెరుగుతాయి, పెద్దవి రాళ్ల లోతుల్లోకి వెళ్లిపోతాయి. దీని పోలికలతో చేపలు నాలుగైదు ఉన్నాయి కాబట్టి గుర్తుపట్టే క్రమం ముఖ్యం. ముందు వెన్ను రెక్క చూస్తారు: 10 గట్టి ముళ్లు, వాటి వెనక సాధారణంగా 14 మెత్తని ఈనెలు. తర్వాత పక్కన తల నుంచి తోక దాకా సాగే పార్శ్వరేఖ. నల్లమచ్చ ఆ రేఖకు ఎక్కువ భాగం పైన ఉంటే ఇది. రేఖ మీదనో, ఎక్కువగా కిందనో ఉంటే పసుపు చారల మరో స్నాపర్ కావచ్చు. అయినా మచ్చ ఒక్కటే చాలదు, పొలుసుల వరుసలు చూడాలి. ఈ చేపకు రేఖ పైన వరుసలు వాలుగా పైకి లేస్తాయి. తరంగంబాడి మిషనరీ జాన్ పేరున్న స్నాపర్‌కూ పైన నల్లమచ్చే ఉంటుంది, కానీ దాని వరుసలు రేఖకు సమాంతరంగా పోతాయి. ఈ తేడా వేలితో తడిమినా తెలియదు, వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడాలి.

1849లో బటావియాలో పనిచేసిన డచ్చి వైద్యుడు బ్లీకర్ ఇలాంటి చేపకు రస్సెల్ పేరు పెట్టాడు. విశాఖ బొమ్మను గౌరవించిన పేరది. నూట అరవై ఏళ్లకు పైగా ఎర్రసముద్రం నుంచి పసిఫిక్ దాకా దొరికేదంతా ఒకే చేప అనుకున్నారు. 2013లో అలెన్, వైట్, అర్డ్‌మన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు జన్యువులూ రంగులూ పోల్చి రెండింటినీ విడదీశారు. హిందూ మహాసముద్రపు చేపకు లుట్జానస్ ఇండికస్ అని కొత్త పేరు వచ్చింది. రస్సెల్ పేరు పసిఫిక్ వైపు చేపకు ఉండిపోయింది. మన తీరంలో గీసిన బొమ్మ వల్ల పుట్టిన పేరు మన చేపకు దక్కకపోవడం నాకు బాధగానే ఉంటుంది. నామకరణ నియమం మాత్రం సరైనదే: బ్లీకర్ చేతిలో ఉన్న చేప ఏదో, పేరు దానిదే.

ఈ రెండింటినీ కంటితో విడదీసే గుర్తు ఒంటి మీద చారలే. మనదానికి పెద్దయ్యాక కూడా ఉంటాయి. చచ్చిన చేపలో ముందుగా వెలిసేవీ అవే. అందుకే ఈ రోజు హార్బర్‌లో అలాంటి చేప కనబడితే ఐసులో పెట్టకముందే ఫొటో తీయాలి, పడిన లోతూ జాలరి చెప్పిన పేరూ రాసుకోవాలి, రెక్క కొస ఒకటి కత్తిరించి ఆల్కహాల్‌లో వేయాలి. ఫార్మలిన్ జన్యువును చెడగొడుతుంది, ఆల్కహాల్ కాపాడుతుంది.