పట్టాలో దాగిన ప్రపితామహుడు

తర్పణము విడుచునప్పుడు మనవారు తండ్రిని, తాతను, ముత్తాతను పేరుపేరున తలంతురు. ఆ మూడు తరములకు పైనివారెవరని అడిగినచో మనలో పెక్కుమంది నోరు మెదపలేరు. గోత్రము మనలను ఒక్క గంతులో ఋషి చెంతకు చేర్చును గాని, ఆ ఋషికిని ముత్తాతకును నడుమ ఎండకు ఎండి, వానకు తడిసి, అప్పులు చేసి, నేలదున్ని, ఊళ్లు విడిచి ఊళ్లు చేరి బ్రతికిన వందలాది మనుష్యులను గూర్చి ఒక్క మాటయైనను పలుకదు. ఈ వెలితిని పూరించుటకు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక విద్యయే పెరిగినది. బోస్టన్ నగరమున న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జెనియలాజికల్ సొసైటీ 1845 లోనే నెలకొన్నది. డోనాల్డ్ లైన్స్ జాకోబస్ అను పండితుడు 1922 లో ఆరంభించి, అటుపిమ్మట ‘ది అమెరికన్ జెనియలాజిస్ట్’ అను పేర నడపిన పత్రిక, వంశగౌరవమునకై అల్లిన కట్టుకథలను ఏరివేసి, సాక్ష్యము లేని సంబంధమును సంబంధముగా అంగీకరింపరాదని బోధించినది. ఆ విద్య తన సత్తువను సంపూర్ణముగా చూపునది, బండ్లు కట్టుకొని పడమటి సరిహద్దు ప్రాంతములకు తరలిపోయిన సామాన్య కుటుంబముల విషయముననే. ఏలయన వారు రాజులు కారు, గ్రంథకర్తలు కారు. అధికారుల పుస్తకములలో తప్ప వారి జాడ మరెక్కడను నిలువలేదు.

శోధకుడు మొదట మనస్సున నాటుకొనవలసిన సంగతి యొకటి కలదు. ఏ దస్తావేజును మునిమనుమల కొరకు వ్రాయబడలేదు. పన్ను వేయుటకు ఒకటి, భూమి నిచ్చుటకు ఒకటి, సైనికునకు పింఛను కట్టుటకు ఒకటి, శాసనసభలో స్థానములు పంచుటకు ఒకటి పుట్టినవి. మన కరణముల అడంగళ్లలో రైతు పేరు కానవచ్చునే గాని అతని మనస్సు కానరానట్లే, ఇక్కడను కాగితము తన పని కెంత కావలయునో అంతయే చెప్పును. కావున ప్రతి కాగితమును పట్టుకొని, దీనిని వ్రాయించినవాడెవడు, వ్రాసినవాడెవడు, చెప్పినవాని కిందు లాభమేమి, నష్టమేమి అని నిలదీయనిదే అది నోరు విప్పదు.

భూమి కాగితములతో ఆరంభించుట మేలు. 1862 మే 20 న అబ్రహాం లింకన్ సంతకము చేసిన హోమ్‌స్టెడ్ చట్టము, ఇరువదియొక్క యేండ్లు నిండినవారికి గాని కుటుంబ యజమానులకు గాని, పురుషులకే కాక ఒంటరి స్త్రీలకును, 160 ఎకరముల ప్రభుత్వ భూమిని కోరుకొను హక్కు నిచ్చినది. వారు దేశపౌరులై యుండవలయును, లేదా పౌరులగుటకు సంకల్పించితిమని ప్రకటించి యుండవలయును. ప్రభుత్వముపై ఆయుధమెత్తినవారై యుండరాదు. అయిదేండ్లు ఆ నేలమీద కాపురముండి సాగు చేయవలయును. ఈ షరతులలో ప్రతిదానికిని ఋజువు కావలసి వచ్చుటయే వంశశోధకుని పాలిటి పెన్నిధి. వలస వచ్చినవాడు తన పౌరసత్వ పత్రమును దాఖలు చేసెను. సైన్యమున పనిచేసినవాడు, ఆ కాలమును అయిదేండ్లలో కలుపుకొనుటకై విడుదల పత్రమును జతపరచెను. తుది ఋజువు దినమున ఇరువురు సాక్షులు వచ్చి ఇల్లెంత, బావి కలదా, ఎన్ని ఎకరములు దున్నెను, బిడ్డలెందరు, ఎప్పుడైన ఊరు విడిచి పోయెనా అను ప్రశ్నలకు ప్రమాణపూర్వకముగా ఉత్తరము లిచ్చిరి.

నెబ్రాస్కాలోని బియాట్రిస్ పట్టణ సమీపమున భూమి పొందిన డానియల్ ఫ్రీమన్ పత్రమును ఇందుకు దృష్టాంతముగా చూడవచ్చును. చట్టము అమలులోనికి వచ్చిన 1863 జనవరి 1 న బ్రౌన్‌విల్ భూకార్యాలయమున మొట్టమొదటి దరఖాస్తు అతనిదే. అతని తుది ఋజువును చదువుచుండగా, పదునాలు అడుగుల వెడల్పు, ఇరువది అడుగుల పొడవు కల ఇల్లు, కొంత దుంగలతోను కొంత చట్రముతోను కట్టినది, రెండు తలుపులు, రెండు కిటికీలు, పలకల నేల. దున్ని కంచె వేసిన ముప్పదియైదు ఎకరములు. నూరడుగుల పొడవైన గొఱ్ఱెల కొట్టము. నలువది ఆపిలు చెట్లు, సుమారు నాలుగు వందల పీచు చెట్లు కన్నులకు కట్టును. ఏ కవియు వర్ణింపని సంసారమిది. నాలుగు వందల పండ్ల మొక్కలు నాటినవాడు ఆ నేల విడిచి పోదలచినవాడు కాడని, కాగితమున లేని ఆశను కూడ ఆ అంకె నుండి మనము చదువుకొనవచ్చును.

పట్టా పొందినవారి పేర్లు మాత్రమే సులభముగా దొరకును. తుదివరకు నిలువలేక వెడలిపోయినవారి దరఖాస్తులును భద్రముగనే యున్నవని చాలమంది ఎరుగరు. వాషింగ్టన్ నగరములోని జాతీయ పురాలేఖాగారమున రద్దయిన దరఖాస్తుల కవిలెలు సైతము కలవు. మిడతల దండు, అనావృష్టి, భార్య మరణము, అప్పులవాని ఒత్తిడి, ఇటువంటి కారణములు తరచుగా బయటపడునది ఓడిపోయినవాని కాగితములలోనే. గెలిచినవాని పత్రము అతని ఆస్తిని చెప్పును; ఓడినవాని పత్రము అతని కష్టమును చెప్పును. పట్టా దొరకలేదని నిరుత్సాహపడి వెనుదిరుగువారు ముఖ్యమైన ద్వారమును తట్టక వచ్చినవారే. పట్టా దక్కినను దక్కకున్నను, కోరుకొన్న భూమి గుర్తు సర్వే లెక్కలలో నుండును. 1785 నాటి శాసనముతో ఆరంభమైన పద్ధతి ననుసరించి ప్రభుత్వ భూములను ఆరు మైళ్ల చదరపు టౌన్‌షిప్పులుగను, ఒక్కొక్క దానిని ముప్పదియారు సెక్షన్లుగను, సెక్షనును 160 ఎకరముల పాళ్లుగను విభజించిరి. కావున నూటయేబది యేండ్ల క్రిందటి వాని చేను నేడును పటముపై వ్రేలు పెట్టి చూపవచ్చును.

భూమి తరువాత జనాభా లెక్కలు. 1850 కి పూర్వము కుటుంబ యజమాని పేరు మాత్రమే వ్రాసి, తక్కినవారిని వయస్సుల వారీగా అంకెలలో కూర్చెడివారు. ఆ యేటినుండి ప్రతి స్వతంత్ర వ్యక్తి పేరును లెక్క కెక్కినది. యజమానికి ఎవరేమగుదురో వ్రాయుట 1880 లో గాని ఆరంభము కాలేదు. 1850 నుండి 1880 వరకు వ్యవసాయమునకు వేరుగా పట్టికలుండినవి. వానిలో పాడి ఆవులెన్ని, ఆ యేడు చిలికి తీసిన వెన్న యెన్ని పౌనులు అను లెక్కయు గలదు. భర్త పేర నున్న ఆ పట్టికలో భార్య చేతిపని అగుపించునది ఆ వెన్న గడిలోనే. సరిహద్దు యుగమునకు ముగింపు పలికినదియు జనాభా లెక్కయే. ఇక పడమట అవిచ్ఛిన్నమైన సరిహద్దు రేఖ యనునది లేదని 1890 నాటి లెక్కల అధికారులు ప్రకటింపగా, ఆ మాటనే ఆధారముగా గొని చరిత్రకారుడగు ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ 1893 లో చికాగో నగరమున సరిహద్దును గూర్చిన తన ప్రఖ్యాతోపన్యాసమును చేసెను. ఆ 1890 లెక్కల కాగితములలో అత్యధిక భాగము 1921 జనవరిలో వాషింగ్టన్‌లోని వాణిజ్యశాఖ భవనమున చెలరేగిన అగ్నిప్రమాదము వలన చెడి, మిగిలినదియు తరువాత ధ్వంసము చేయబడుటచే, 1880 కిని 1900 కిని నడుమ ఇరువది యేండ్ల అగాధ మేర్పడినది. నెబ్రాస్కా, కొలరాడో, డకోటా మొదలగు ప్రాంతములలో 1885 లో తీసిన లెక్కలు, కాన్సస్ రాష్ట్రము తనంతట తాను తీసిన లెక్కలు ఆ అగాధముపై వంతెనలుగా ఉపయోగపడుచున్నవి.

ఈ పద్ధతుల బలమును చూడగోరువారికి లారా ఇంగల్స్ వైల్డర్ కుటుంబ కథను మించిన ఉదాహరణము లేదు. 1935 లో వెలువడిన ఆమె నవల ‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ’, కాన్సస్ మైదానమున తండ్రి చార్లెస్ ఇంగల్స్ కట్టిన దుంగల యింటిని గూర్చినది. ఆ యిల్లు ఇండిపెండెన్స్ పట్టణమునకు నలువది మైళ్ల దూరమున నుండెనని ఆమె నమ్మిక. ఆ లెక్క ననుసరించి వెదకినవారికి అది దొరకలేదు. చార్లెసునకు అక్కడ పట్టా లేదు కావున భూమి పుస్తకములును సాయపడలేదు. అప్పుడు శోధకులు 1870 జనాభా లెక్కలలో మాంట్‌గోమరీ కౌంటీ, రట్లాండ్ టౌన్‌షిప్పు పుటలను తెరచిరి. అందు ఇంగల్స్ కుటుంబ మున్నది. వారికి ముందును వెనుకను గణకుడు గడపగడపకు నడచి వ్రాసికొన్న పొరుగువారు నున్నారు. ఆ పొరుగువారిలో పెక్కురు తరువాతి యేండ్లలో తమ భూములను కొని పట్టాలు పొందిరి. వారి పాళ్లను పటముపై గుర్తించి, గణకుడు నడచిన దారిని మరల గీచి చూడగా, ఇంగల్స్ ఇల్లుండదగిన చోటు ఇండిపెండెన్సుకు నైరృతి దిశగా సుమారు 13 మైళ్ల దూరమున తేలినది.

తీగ లాగినచో డొంక కదలునను సామెత ఈ విద్యకు సరిగా అమరును. పూర్వికుని పేరునే పట్టుకొని వ్రేలాడువాడు అదే పేరుగల మరియొకనిని తాతగా చేసికొనును. సాక్షిగా వచ్చినవానిని, పక్క చేనివానిని, ఒకే బండ్ల వరుసలో వచ్చినవానిని, వియ్యంకుని కలిపి వెదకువాడు నిజమైన వానిని చేరును. ఆ 1870 లెక్కల పుటలలోనే జార్జి టాన్ అను నల్లజాతి వైద్యుని పేరు కలదు. నవలలో చలిజ్వరముతో మూలుగుచున్న కుటుంబమునకు మందిచ్చి కాపాడిన డాక్టరు టాన్ ఇతడే. కల్పితపాత్ర యని తలచినవాడు, పొరుగున కాపురమున్న మనుష్యుడని తేలినది.

కుటుంబపు బైబిలు మరియొక సాక్షి. జననమరణములను దాని పుటలలో వ్రాసికొనుట ఆ కుటుంబముల ఆచారము. నవలలో కారీ అను చెల్లెలు చేతిబిడ్డగా బండిలో కాన్ససునకు వచ్చును. బైబిలులో ఆమె 1870 ఆగస్టు 3 న ఆ మాంట్‌గోమరీ కౌంటీలోనే పుట్టినట్లున్నది. లారా 1867 ఫిబ్రవరి 7 న విస్కాన్సిన్‌లో జన్మించినది గనుక అప్పటికామె మూడేండ్ల పసిది; ఆమె ‘జ్ఞాపకములు’ చాలవరకు తల్లిదండ్రులు, అక్క చెప్పగా విన్నవే. 1875 నవంబరులో పుట్టి మరుసటి ఆగస్టులో మరణించిన తమ్ముడు ఫ్రెడ్డీకి నవలలలో చోటే లేదు. ఇంత మాత్రమున ఆమె అసత్యమాడెనని నేననను. కాలిన్ మెకంజీ కొరకు కావలి సోదరులు మన పల్లెలు తిరిగి సేకరించిన కైఫీయతులను, అనగా ఊరి చరిత్రలను, రాజుల వంశావళి తారుమారైనదని ఎవరు పారవేయుదురు? చెరువెవరు త్రవ్వించిరి, మాన్యమెవరి కిచ్చిరి అను సంగతులు వానిలోనే దొరకును. ఇంటి కథ దారి చూపును. దూరమును మాత్రము కాగితముతో కొలుచుకొనవలయును. చలిజ్వరమును, తోడేళ్లను, వైద్యుని దయను లారా కథ కాపాడినది. అవి ఏ లెక్కల పట్టికలోను లేవు.

చార్లెసునకు పట్టా ఏల లేదు? దీనికి సమాధానము జనాభా లెక్కల పుటలోనే యున్నది. భూమి విలువ వ్రాయవలసిన గడిని ఖాళీగా విడిచి, ఈ భూములు ఒసేజ్ జాతివారివి, కాపురమున్నవారికి వీనిపై హక్కు లేదని గణకుడు వ్రాసి పెట్టెను. ఆ ప్రాంతము ఆదివాసులైన ఒసేజ్ ప్రజల రక్షిత భూమి. హోమ్‌స్టెడ్ చట్ట మక్కడ చెల్లదు. వచ్చి ఇండ్లు కట్టుకొన్నవారు ఆక్రమణదారులు. 1870 జూలై 15 నాటి చట్టముచే ఒసేజులు ఆ నేల విడిచి దక్షిణమున ఇండియన్ టెరిటరీకి తరలవలసి వచ్చినది. వారు విడిచిన భూమిని ఎకరము ఒకటింబాతిక డాలరు చొప్పున కొనుటకు వీలు కలిగినను, అప్పటికి ఇంగల్స్ కుటుంబము తిరుగుముఖము పట్టుటకు సిద్ధమై, 1871 లో విస్కాన్సిన్ చేరుకొన్నది. సైనికులు వెడలగొట్టుదురను భయమే కారణమని నవల చెప్పగా, విస్కాన్సిన్‌లో తమ పొలము కొన్నవాడు సొమ్ము చెల్లింపలేకపోయెనని లారా వ్రాసి పెట్టుకొన్న స్వీయచరిత్ర, 2014 లో టిప్పణములతో ప్రచురితమైన ‘పయనీర్ గర్ల్’, తెలుపుచున్నది.

పూర్వికుని వెదకబోయినవాడు ఇట్టి ఖాళీ గడి ఎదుట తల వంచుకొని నిలువవలయునని నా దృఢాభిప్రాయము. ముత్తాత ధైర్యమును కొనియాడి, అతడు నాగలి పెట్టిన నేల ఎవరిదో అడుగకుండుట అర్ధశోధనయే. అవతలి వైపునుండి వెదకువారి దారి మరింత కఠినము. బానిసత్వములో మ్రగ్గిన నల్లజాతి ప్రజలు 1850, 1860 పట్టికలలో పేరు లేని అంకెలు. 1870 లో గాని వారిలో అత్యధికుల పేర్లు లెక్క కెక్కలేదు. 1877 లో కాన్సస్‌లో నికోడెమస్ గ్రామమును కట్టుకొన్న వారి సంతతి, ఆ అంకెల వెనుకనున్న మనుష్యులను చేరుటకు యజమానుల వీలునామాలను, అమ్మకపు పత్రములను చదువవలసి వచ్చును. తమ తాతను ఆస్తిగా వ్రాసిన కాగితమే తాత జాడ తెలుపు కాగితమగుట ఎంతటి దుఃఖము!

ఒసేజుల కథ కాన్సస్‌తో ముగియలేదు. ఓక్లహోమాలో వారు తమ సొమ్ముతో కొనుక్కొన్న కొండనేల క్రింద నూనె బయల్పడినది. 1906 నాటి చట్టము ననుసరించి సిద్ధపరచిన జాబితాలో 2,229 మంది పేర్లు చేరినవి. నేలను పంచి యిచ్చినను, దాని గర్భమునందలి ఖనిజ సంపదను జాతి సమష్టిసొత్తుగా నిలిపి, ఆ వచ్చుబడిలో ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క భాగము నిర్ణయించిరి. ఆ భాగములు వారసత్వముగా చేతులు మారుచు ఇప్పటికిని చెల్లుచున్నవి. అందుచేత అక్కడి మునిమనుమరాలికి వంశవృక్షము గోడకు వ్రేలాడదీయు పటము కాదు. ఆ జాబితాలోని పేరు నుండి తనవరకు ఒక్క పుట్టుకయు, ఒక్క వివాహమును జారిపోకుండ పత్రములతో నిరూపించుకొనవలసిన వ్యవహారము.