నూలుపోగు చేసే రొద

మా మేనల్లుడు వేసవి సెలవులకు తిరుపతి వచ్చినప్పుడు ఒక ఆల్బమ్ పెట్టాడు. పేరు ‘లవ్‌లెస్’. డ్రమ్ము మీద నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, గిటార్ల రొద గదినిండా కమ్ముకుంది. వంటింట్లోంచి మా అమ్మ తొంగిచూసి, “ఏందబ్బా అది, స్పీకరు చినిగిపోయిందా?” అనింది.

“లేదవ్వా, పాటే అంత,” అన్నాడు వాడు.

అమ్మ కాసేపు వాకిలి పట్టుకుని నిలబడింది. “శ్రుతి నిలకడగా లేదు చూడు, జారతా ఉండాది,” అని మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. చిన్నప్పుడు తంబుర ముందు కూర్చుని పాట నేర్చుకున్న మనిషి. ఆ ఒక్క మాటలో ఆల్బమ్ గుట్టు సగం బయటపడింది.

మై బ్లడీ వాలెంటైన్ అనే బృందం 1989లో మొదలుపెట్టి, పంతొమ్మిది స్టూడియోలు తిరిగి, 1991 నవంబరులో ఈ పదకొండు పాటల్నీ విడుదల చేసింది. ఈ తరహా గిటారిస్టులు వేదిక మీద తలవంచుకుని, కాళ్ళ దగ్గరున్న మీటల పెట్టెల్నే చూస్తూ వాయించేవారు. అందుకని ఇంగ్లండు పత్రికలు ‘షూగేజ్’ అని ఎగతాళి చేశాయి, అంటే బూట్లు చూసుకునే సంగీతమని. ఎగతాళి పేరే చివరికి స్థిరపడింది.

ముందు ఆ రొద సంగతి. గిటారు తీగ నుంచి వచ్చే విద్యుత్తు అల గుండ్రంగా లేచి దిగుతుంది. దాన్ని యంత్రం పట్టలేనంతగా పెంచితే అల నెత్తి తెగి చదునవుతుంది. ఆ తెగిన అంచుల్లోంచి అసలు స్వరానికి రెట్టింపు, మూడింతల వేగంతో మోగే అనుస్వరాలు పుట్టుకొస్తాయి. రెండు మూడు తీగలు కలిపి మీటితే ఇంకో వింత కూడా ఉంది. ఆ స్వరాల కూడికలూ తీసివేతలూ కొత్త స్వరాలై మోగుతాయి. ఎవరూ వాయించని స్వరాలవి. గిటార్లు వందలకొద్దీ పేర్చారని చాలామంది వినేవాళ్ళు అనుకుంటారు. నిజానికి కొన్నే గిటార్లని ఆ బృందపు కెవిన్ షీల్డ్స్ చెబుతూ వచ్చాడు. మిగతా జనమంతా ఆ తెగిన అలల్లోంచి వచ్చినవాళ్ళే.

ఇది మనకు కొత్తేం కాదు. తంబుర గుర్రం మీద తీగకూ చెక్కకూ మధ్య ఒక నూలుపోగు ఉంటుంది. దాన్ని జీవ అంటారు. వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపితే చాలు, పొడిగా ‘టంగ్’మనే తీగ తేనెటీగల గుంపులా ఝుమ్మంటుంది. గుర్రం పైభాగం సన్నటి అంచు కాదు, వెడల్పుగా, కొద్దిగా వాలుగా ఉంటుంది. పోగు ఎత్తిపట్టడం వల్ల కంపించే తీగ ఆ వాలును అంటీ అంటకుండా రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడిలోంచే అనుస్వరాలు ఒకదాని వెంట ఒకటి విచ్చుకుంటాయి. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ దీని మీద 1921లో పరిశోధనా వ్యాసం రాశాడు. మామూలు లెక్కన, తీగను ఒక అనుస్వరం కదలకుండా ఉండే చోట మీటితే ఆ అనుస్వరం వినపడకూడదు. తంబురలో అది కూడా నిక్షేపంగా మోగుతుంది. అంటే మనవాళ్ళు తీగ శుభ్రంగా మోగకుండా ఉండటానికే ఇంత పని పెట్టుకున్నారు.

రెండో పోలిక నాకు ఇంకా ఇష్టం. తంబురను గోటితో మీటరు, వేలి కండతో నిమిరినట్టు తాకుతారు. మీటిన క్షణం వినపడదు, నాదం తర్వాత ఉబ్బుతుంది. షీల్డ్స్ కూడా ఆ మొదటి దెబ్బనే దాచాడు. ప్రతిధ్వనిని తిరగేసే యంత్రంతో, శబ్దం తగ్గుతూ పోకుండా పెరుగుతూ వచ్చేలా చేశాడు. పైగా గిటారు మీద తీగల బిగువు మార్చే లోహపు కడ్డీ ఒకటి ఉంటుంది. అందరూ అప్పుడప్పుడూ నొక్కి వదిలేసే ఆ కడ్డీని కుడిచేతి గుప్పిట్లోనే ఉంచుకుని మీటాడు. మీటిన ప్రతిసారీ తీగలన్నీ సడలి బిగుస్తాయి, అయితే అన్నీ ఒకే కొలతలో కాదు. అందుకే స్వరాల గుంపు మొత్తం నీళ్ళలో నీడలా ఊగుతుంది. అమ్మ పట్టుకున్న జారుడు ఇదే.

ఇక గొంతు. బృందపు గాయని బిలిండా బుచర్ నిద్రలేచిన వెంటనే, గొంతు ఇంకా తేరుకోకముందే పాడేది. అలా పలుమార్లు పాడినవాటిని ఒకదానిమీద ఒకటి పరిచి, గిటార్ల కిందికి దించారు. మాటలు తెలియవు. మాటలు తెలియని పాటేంటని విసుక్కునేవాళ్ళను నేను తప్పుపట్టను, మొదట నేనూ విసుక్కున్నాను.

కచేరీల్లో ఈ బృందం ఒక పాట నడుమ ఒకే మోతను నిమిషాల తరబడి సాగదీసేది. 2008 కచేరీల్లో చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలు కూడా పంచారు. కొందరు లేచి పోయేవారు. ఉన్నవాళ్ళు మాత్రం ఒక దశ దాటాక దాన్ని చెవితో కాకుండా ఒంటితో వినేవారు.

ఇది తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసిన తిరుపతి మనిషికి విడమరచి చెప్పక్కర్లేదు. పలకల్ని మంట దగ్గర కాచి, చర్మం బిగిసిందో లేదో వేలితో తట్టి చూసుకుని మొదలుపెడతారు. సందులో గోడకు తగిలి తిరిగొచ్చిన దెబ్బా, కొత్త దెబ్బా కలిసిపోయాక ఏది ఎవరిదో తెలియదు. వేషగాళ్ళ చుట్టూ కొందరు ఈలలు వేస్తుంటారు, ఒకరికి పూనకం వస్తుంది, ఇంకొకరు చెవులు మూసుకుని పక్కకు తప్పుకుంటారు. ఆ నడుమే ఎవరో తండ్రి భుజం మీద పసిబిడ్డ నోరు తెరుచుకుని నిద్రపోతుంటుంది.

ఆల్బమ్ నాలుగో పాటకు వచ్చింది. గిటారేదో గాలేదో తేడా తెలియకుండా కరిగిపోయే పాట అది. వంటింట్లో చప్పుడు లేదని తొంగిచూశాను. అమ్మ బియ్యం చాట ఒళ్ళోనే పెట్టుకుని, గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది.