నాలుక వారసత్వం, చేతి వారసత్వం: మధుర్ జాఫ్రీ వంటపుస్తకాలు

వంటపుస్తకాన్ని సాహిత్యవిమర్శ సాధారణంగా పట్టించుకోదు. దినుసులు, పాళ్ళు, పద్ధతి తప్ప అందులో చదవవలసినది ఏముంటుందని మన నమ్మకం. కాని పరాయి దేశంలో కూర్చుని రాసిన వంటపుస్తకం సంగతి వేరు. రచయిత ఏ ఇంట పుట్టిందో, ఏ ఊళ్ళు తిరిగిందో, దేన్ని వెంట తెచ్చుకుని దేన్ని వదులుకుందో దినుసుల పట్టికే చెబుతుంది. ఈ దృష్టితో చదవదగిన రచయితల్లో మధుర్ జాఫ్రీ ముఖ్యురాలు. ఆమె పుస్తకాలలో కుటుంబ వారసత్వం ఎక్కడ నిజంగా పనిచేస్తోంది, ఎక్కడ కథగా మాత్రమే మిగిలింది అన్నది ఇక్కడి ప్రశ్న.

జాఫ్రీ 1933లో ఢిల్లీలో ఒక మాథుర్ కాయస్థ ఉమ్మడి కుటుంబంలో పుట్టారు. కాయస్థులు మొగలుల కాలం నుంచి రాతకోతల ఉద్యోగాలలో ఉన్నవారు. అందువల్ల ఆ ఇళ్ళలో పారసీక సంస్కారం, మొగలాయి మాంసపు వంటకాలు ఒక పక్క, స్త్రీల పూజలు, పండగలతో ముడిపడిన హిందూ శాకాహారం ఒక పక్క కలిసి నడిచాయి. బ్రిటిష్ పాలన మరొక పొరను చేర్చింది. 1947 తరువాత పంజాబీ శరణార్థులతో ఢిల్లీకి తందూరీ వంటలు వచ్చాయి. ఆమె బాల్యస్మృతుల గ్రంథం ‘క్లైంబింగ్ ద మ్యాంగో ట్రీస్’ (2005) ఈ పొరలన్నిటినీ ఓపికగా విప్పుతుంది. పుట్టిన బిడ్డ నాలుకపై నాయనమ్మ తేనెతో ఓంకారం రాయడంతో మొదలై, బడిలో వేర్వేరు మతాల పిల్లలు పంచుకున్న మధ్యాహ్న భోజనాల మీదుగా, ఆ స్నేహాలను దేశవిభజన చీల్చిన వైనం దాకా సాగుతుంది. దీన్నిబట్టి తేలేది ఒకటి: మనం ‘ఇంటి వంట’ అనే స్థిరమైన వస్తువు నిజానికి ఎన్నో ప్రయాణాల మొత్తం. ఇల్లు కదలకపోయినా వంటింటిలోకి చరిత్ర నడిచి వస్తూనే ఉంటుంది.

అయితే ఆమెకు ఇంట్లో వంట రాదు. బడిలో నేర్పినవి బ్రిటిష్ వారు రోగులకు పెట్టే చప్పిడి పదార్థాలు. 1950ల మధ్యలో నటన నేర్చుకోవడానికి లండన్ వెళ్ళాక, అక్కడి తిండి సహించక, తల్లికి ఉత్తరాలు రాశారు. తల్లి హిందీలో కొద్దిపాటి వాక్యాలతో వంటకాలు రాసి పంపేవారు. ఆ క్లుప్తమైన వాక్యాలు సరిపోయాయంటే కారణం, గమ్యం ఆమె నాలుకకు ముందే తెలుసు. మనం రుచి అనుకునేదానిలో పెద్ద భాగం వాసనే. ఇతర ఇంద్రియాల సమాచారం మెదడులోని థాలమస్ మీదుగా వెళుతుంది. వాసన మాత్రం ఉద్వేగానికీ జ్ఞాపకానికీ సంబంధించిన కేంద్రాలను మరింత సూటిగా చేరుతుంది. కనుక ఆమెకు సంక్రమించినది నాలుక వారసత్వం. చేతి వారసత్వాన్ని ఆమె పరాయి ఊరిలో, తప్పొప్పులు సరిచూసుకుంటూ సంపాదించుకోవలసి వచ్చింది.

‘ఏన్ ఇన్విటేషన్ టు ఇండియన్ కుకింగ్’ (1973) బలం ఇక్కడే ఉంది. న్యూయార్క్‌లో నాఫ్ సంస్థకు జూడిత్ జోన్స్ సంపాదకత్వంలో వెలువడిన ఈ పుస్తకం భారతదేశమంతటి వంటనూ భుజాన వేసుకోదు. ప్రధానంగా ఢిల్లీ, దాని పరిసరాల వంటకే పరిమితమవుతుంది. అల్లం, వెల్లుల్లి నూరడానికి సన్నికల్లుకు బదులు బ్లెండర్‌ను ఒప్పుకుంటుంది. కాని నూరిన ముద్దను నూనె తేలేదాకా వేయించడంలో మాత్రం రాజీ పడదు. పనిముట్టు మారవచ్చు, క్రమం మారకూడదు అన్న వివేకం అది. తానుగా చేతికి నేర్పుకున్న మనిషి కాబట్టే, పుట్టుకతో వంట తెలిసినవారు చెప్పడం మరచిపోయే మెట్లను ఆమె విడమరచి చెప్పగలిగారు.

లోపాలూ ఉన్నాయి. ఆమె పెరిగినది వంటవాళ్ళున్న సంపన్న గృహం. ‘కుటుంబ వంటకం’ అన్న మాట వెనుక పొయ్యి దగ్గర నిలబడ్డ చేతులు ఎవరివో ఆ పుస్తకాలు తగినంతగా అడగవు. వారసత్వం తిన్నవారి పేరున నమోదైంది, వండినవారి పేరున కాదు. రెండవది ‘కర్రీ’ అన్న మాట. 1973లో ఆ మాట భారతీయ వంటను కించపరుస్తుందని గట్టిగా వాదించిన రచయిత్రే 2003లో ‘అల్టిమేట్ కర్రీ బైబిల్’ అనే పుస్తకం వేశారు. దీన్ని కేవలం అమ్మకాల కోసం పడిన రాజీగా కొట్టివేయలేం. ట్రినిడాడ్, దక్షిణాఫ్రికా, మలేషియాలకు కూలీలుగా తరలివెళ్ళిన వారి వంటలను అందులో ఆమె వెంబడించారు. వారి పిల్లలకు ‘కర్రీ’ తమ ఇంటి మాటే. అభిప్రాయం మారిందంటే చూపు విస్తరించిందని అర్థం. కాని అక్కడ ఆమె సేకర్త మాత్రమే. తల్లి ఉత్తరాల నుంచి పుట్టిన పుస్తకానికున్న సాన్నిహిత్యం ఈ విస్తృతికి లేదు.

ఈ చర్చ మనకు పరాయిది కాదు. గోంగూర దొరకని చోట అమెరికా తెలుగువారు క్రాన్‌బెర్రీతో పప్పు వండుకుంటున్నారు. పులుపు ఉండాలన్న సూత్రాన్ని నిలుపుకుని దినుసును మార్చుకోవడమే అది. మన వంటకు ప్రాణమనుకునే మిరపకాయ కూడా అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ఓడలలో వచ్చినదే. కనుక మార్పును చూసి దిగులుపడనక్కరలేదు. దిగులుపడవలసినది వేరొకదాని గురించి: మన తల్లుల ‘చిటికెడు’, ‘గుప్పెడు’, ‘తగినంత’ అన్న కొలతలు వారి చేతులతోనే ముగిసిపోతాయి. ఇక్కడ పుట్టిన పిల్లల నాలుకకు ఆ గమ్యం తెలియకపోతే క్లుప్తమైన వాక్యాలు చాలవు.

కాబట్టి రాసిపెట్టాలి. ఆవకాయలో ఎంత ఉప్పు అన్నదొక్కటే కాదు, ఉప్పు తగ్గితే ఎందుకు బూజు పడుతుందో, ముక్కను తడి లేకుండా ఎందుకు తుడవాలో, పోపులో ఆవాలు చిటపటలాడాకే ఇంగువ ఎందుకు వేయాలో కూడా రాయాలి. కారణం తెలిసినవారే దినుసు మారినా వంటను నిలబెట్టగలరు. పుస్తకం రాయడానికి జాఫ్రీకి ఆధారమైనవి ఒక తల్లి ఉత్తరాలు. మన ఇళ్ళలో ఆ ఉత్తరాలు ఇంకా రాయవలసే ఉన్నాయి.