పీటముడి పడకూడని చోటు

నాలుగేళ్ల కిందట మా పెరటి మామిడి కొమ్మ ఒకటి పక్కింటి రేకుల మీదికి వాలింది. దాన్ని కొట్టడానికి ఒక కుర్రాడు వచ్చాడు. చెట్టెక్కడంలో అతనికి తిరుగు లేదు. పైకి వెళ్లి, నడుముకు కట్టుకున్న నైలాన్ తాడును కొమ్మకు రెండు చుట్లు తిప్పి, ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి వేసి బిగించాడు. "ఏనుగు లాగినా ఊడదండీ" అన్నాడు. కొమ్మ సగం తెగేసరికి ఎర్రచీమల గూడు కదిలింది. మెడ నిండా చీమలు, కనురెప్పల మీద చీమలు. దిగుదామంటే ముడి రాదు. ఒంటి బరువుకు బిగుసుకుని రాయిలా అయిపోయింది. చివరికి చేతిలో ఉన్న కొడవలితోనే తన తాడు తానే కోసుకుని, మానును కావలించుకుని జారాడు. ఛాతీ మీద తోలు లేచిపోయింది. ప్రాణం దక్కింది.

ఆ మధ్యాహ్నం నన్ను చాలాకాలం వదల్లేదు. ముడి అంటే గట్టిగా ఉండాలని మనందరి నమ్మకం. అది సగం మాటే. వదలమన్నప్పుడు వదలడం మిగతా సగం. ఆ సగం పల్లెల్లో అందరికీ తెలిసిన విద్యే. ఎద్దును గుంజకు కట్టే రైతు పలుపును జారుముడితో కడతాడు. ఎద్దు ఎంత గింజుకున్నా అది ఊడదు, కొస పట్టుకుని రైతు ఒక్క లాగు లాగితే విడిపోతుంది. కొట్టానికి నిప్పంటుకున్న రాత్రి పశువు బతికేది ఆ ఒక్క లాగుతోనే. పలుపుకు పీటముడి వేసిన పిల్లవాణ్ణి పెద్దలు కోప్పడేది అందుకే. మనిషి ప్రాణం వేలాడే చోట మాత్రం ఈ జారుముడి కూడా చాలదు. కొస ఏ రెమ్మకో తగులుకుని దానంతటదే విడిపోవచ్చు. తనకు తాను ఊడనిది, తడిసినా బిగుసుకున్నా వేళ్లతో విప్పగలిగినది కావాలి.

యూరప్‌లో, అమెరికాలో చెట్ల పనిని చదువుగా నేర్చుకుని చేసే ఆర్బరిస్టులు ఇలాంటి ముడులను తరాలుగా సానపట్టారు. వాళ్లు ఎక్కే తాడు మన బొటనవేలికన్నా సన్నం, 12 నుంచి 13 మిల్లీమీటర్లు. అయినా అమెరికా ప్రమాణాల ప్రకారం కొత్త తాడు కనీసం 24 కిలోన్యూటన్లకు, అంటే దాదాపు 2,400 కిలోల బరువుకు తట్టుకోవాలి. ఒక్క మనిషికి అంత బలం ఎందుకని నాకూ అనిపించింది. జవాబు ముడిలోనే ఉంది. తాడు వంపు తిరిగిన చోట బయటి పోగులు సాగి భారమంతా తామే మోస్తాయి, లోపలి పోగులు నలిగి ఊరుకుంటాయి. ముడి రకాన్ని బట్టి తాడు బలంలో పావు వంతు పోవచ్చు, మూడో వంతుకు మించి కూడా పోవచ్చు. దానికి ఎండ, పాతబడటం, పని మధ్యలో పడే కుదుపులు తోడవుతాయి. ఆ 2,400 కిలోల్లో చాలా భాగం ఈ నష్టాలకు ముందుగా పక్కన పెట్టుకున్నదే.

ఇక ఎక్కే పద్ధతి. గట్టి కొమ్మ పంగలో నుంచి తాడు వేసి, ఒక కొసను నడుముకు కట్టుకున్న పట్టీకి కట్టుకుంటారు. రెండో పాయ మీద ఒక పట్టుముడి వేసుకుంటారు. ఒంటి బరువు రెండు పాయలకూ పంచుకుపోతుంది కాబట్టి ఆ ముడి మీద పడేది ఇంచుమించు సగమే. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఈ పట్టుముడే. నిలువు తాడు చుట్టూ తిరిగిన కొన్ని చుట్లు, అంతే. బరువు పడగానే చుట్లు బిగిసి తాడును కరుచుకుంటాయి. చేత్తో పైచుట్టును మెల్లగా కిందికి నొక్కితే జారుతాయి. చెయ్యి తీస్తే మళ్లీ ఆగుతాయి.

ఈ కుటుంబంలో బాగా పేరున్నది ప్రూసిక్ ముడి. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ దాన్ని 1931లో అచ్చులో వివరించాడు. కొండల మీది నుంచి అది చెట్ల మీదికి వచ్చింది. మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు భువనగిరి కోట గుట్ట మీద శిక్షణ పొందింది. అలాంటి రాతిగుట్టల మీద తాడు పట్టిన పిల్లలకు ఈ ముడి కొత్త కాదు. చెట్ల పనివాళ్లలో ఇంకా ఎక్కువగా వ్యాపించింది బ్లేక్ ముడి, 1990లలో. తాడు కొసను నిలువు తాడు చుట్టూ కింది నుంచి పైకి 4 చుట్లు తిప్పుతారు. కొసను కిందికి తెచ్చి, నడుము నుంచి వచ్చే పాయ మీదుగా దాటించి, నిలువు తాడు వెనక నుంచి తిప్పి, కింది 2 చుట్ల లోపలి నుంచి బయటికి లాగుతారు. కొస వెనక్కి జారిపోకుండా దానికి ఎనిమిది అంకె ఆకారంలో ఒక ముడి వేస్తారు. ఈ దారిలో ఒక్క మెలిక తప్పినా చూడటానికి అదే ముడిలా ఉంటుంది, బరువు పడగానే జారిపోతుంది. అందుకే ఇది చదివి ఎవరూ చెట్టెక్కవద్దు. పక్కన నిలబడి చూపించే గురువు దగ్గర, నేల మీద, వందసార్లు వేయాలి.

పట్టుముడికి శత్రువులు రెండు. మొదటిది వేడి. గబగబా దిగితే ఒకేచోట రాపిడి పడి తాడు పైభాగం కరిగి, గాజులా మెరుస్తుంది. ఆ మెరుపు పడిన చోట పట్టు నమ్మలేం. నైలాన్, పాలియెస్టర్ కరిగేది 220 నుంచి 260 డిగ్రీల మధ్య. రెండోది భయం. పట్టు తప్పినవాడు చేతికి అందినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. ఆ అందినది పట్టుముడే అయితే, దాన్ని కిందికి లాగుతూనే ఉంటాడు, అది జారుతూనే ఉంటుంది. భయం వేసినప్పుడు చెయ్యి తీసేయడం మనిషికి పుట్టుకతో వచ్చేది కాదు. నేర్పిస్తే వస్తుంది.

తెలంగాణ గీత కార్మికుడి మోకు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ ముడే గుర్తొస్తుంది. తాటిచెట్టుకు పంగ లేదు, తాడు విసరడానికి కొమ్మ లేదు. అందుకే మోకును మాను చుట్టూ, తన వెనక చుట్టూ వేసుకుంటాడు. కాళ్లకు గుజి, నడుముకు ముస్తాదు. వెనక్కి ఒరిగితే మోకు మానును కరుచుకుంటుంది. ఒంటిని మాను దగ్గరికి తెచ్చిన క్షణంలో అది వదులవుతుంది, ఆ క్షణంలోనే దాన్ని పైకి జరుపుతాడు. బరువుతో బిగిసి, బరువు తీస్తే జారడం: ప్రూసిక్ సూత్రమూ ఇదే. ఇక్కడ మాత్రం ముడి పనిని మనిషి ఒళ్లే చేస్తోంది. అంత సూక్ష్మమైన విద్యను మనం కూలిపని లెక్కలో వేసి ఊరుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ప్రమాదం కూడా అక్కడే పొంచి ఉంది. వానకు మాను నాని కాలు జారినా, కళ్లు తిరిగినా, కందిరీగలు కుట్టినా ఒరుగు పోతుంది. ఒరుగుతో పాటే పట్టూ పోతుంది. జిల్లా పేజీల్లో "మోకు జారి" అనే రెండు మాటలు ఎన్నిసార్లు చదివామో. సరిగ్గా వేసిన పట్టుముడికి మనిషి స్పృహతో పని లేదు. చెయ్యి వదిలేసినా అది పట్టుకునే ఉంటుంది. 2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం పథకం ఈ లోటు తీర్చడానికే వచ్చింది. తాడు, నడుము పట్టీ లాంటి సామగ్రిని శిక్షణతో సహా ఇస్తున్నారు. దీనివల్ల మోకుకు చిన్నతనం ఏమీ లేదు. నా దృష్టిలో కిట్టు కన్నా శిక్షణ రోజులే విలువైనవి, అవి ఎక్కువ ఉండాలి.

మళ్లీ ఆర్బరిస్టుల దగ్గరికి వస్తే, కొమ్మను దించే తాడుకు వాళ్లు వేసే ముడులు వేరు. కొమ్మ చుట్టూ జారి బిగిసే ఉచ్చు ఒకటి వేసి, దానికి కాస్త ఎడంగా అదే తాడుతో ఇంకో మెలిక తిప్పుతారు. కొమ్మ బరువంతా ఒకే చోట పడదు. పచ్చి కొమ్మ మీటరు దూరం జారి తాడు మీద ఆగినా, కుదుపు దాని బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. కింద తాడు పట్టుకున్నవాడు చెట్టు మీదివాడికి ఎంత ముఖ్యమో అప్పుడు తెలుస్తుంది. రంపం నడిపేటప్పుడు పైనున్న మనిషి రెండు చోట్ల కట్టుకుని ఉండాలన్న నియమం కూడా, రంపం తన తాడునే కోసే ప్రమాదం ఉంది కాబట్టే.

వేసిన ముడిని నమ్మే ముందు వాళ్లు దాన్ని దువ్వుతారని చెప్పాలి. పాయలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా సర్ది, ప్రతి కొసను విడివిడిగా లాగి బిగించి, మిగులు కొస చాలినంత ఉందో లేదో చూస్తారు. పక్కవాడికి చూపిస్తారు. తర్వాత నేలకు మోకాలెత్తులోనే తాడు మీద పూర్తి బరువు వేసి ఊగి చూస్తారు.

మొన్న కాయ దిగాక ఆ కుర్రాడే మళ్లీ వచ్చాడు. ఛాతీ మీద మచ్చ ఉంది. కొమ్మ పని పక్కన పెట్టి, వరండా స్తంభానికి తాడు కట్టి నేను నేర్చుకున్నంత చూపించాను. రెండోసారి వేసినప్పుడు కొస దారి తప్పింది. చూడటానికి ముడి చక్కగానే ఉంది. బరువు వేయగానే జారి, గచ్చు మీద కూలబడ్డాడు. కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, వేళ్లతో విప్పి, మళ్లీ మొదటి చుట్టు దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ఆ రోజు అతన్ని చెట్టెక్కనివ్వలేదు. కూలి ఇచ్చి, తాడు కూడా ఇచ్చి పంపాను.