బూడిద మన దగ్గర, సరస్సు వాళ్ళ దగ్గర

మంగళవారం పొద్దున్నే మా మేనకోడలు వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ షీట్ పంపింది. ఇండోనేషియాలో సుమత్రా దీవి మీదున్న టోబా సరస్సుకి వెళ్తుందట, ఒక్కతే. ఎనిమిది రోజుల సెలవు, జీతంలో మిగుల్చుకున్న కాస్త డబ్బు. ఏ రోజు ఏ బస్సు, ఏ పూట ఎక్కడ తిండి, దేనికెంత ఖర్చు, అన్నీ గళ్ళలో సర్దిపెట్టింది. చూసుకుంటూ పోతున్నవాణ్ణి నాలుగో రోజు దగ్గర ఆగిపోయాను. "సాయంత్రం 4.30 నుంచి 6.00: ఒడ్డున ఊరికే కూర్చోవడం. ఖర్చు: సున్నా."

ఊరికే కూర్చోవడానికి కూడా టైమ్ టేబులా!

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకు నా జబ్బు తెలుసు. గంటలు లెక్కపెట్టుకుంటూ చేసే ప్రయాణం నాకు పడదు. 'అయిదు పగళ్ళు, నాలుగు దేశాలు' బాపతు ప్యాకేజీల మీద నేను రాసిన రాతలకు, టికెట్ల వ్యాపారం చేసుకునే పాత మిత్రుడొకడు నాతో మాట్లాడటమే మానేశాడు. చేతిలో ఒక్క సంచి, కిటికీ పక్కన సీటు, బస్సు దిగాక దారి చెప్పడానికి ఒక టీకొట్టు. ఇంతకు మించిన ప్లానింగ్ ఉండకూడదని ఎన్నిసార్లు రాశానో మీకే తెలుసు. రాసిందే రాస్తున్నానని ఉత్తరాలు కూడా వచ్చాయి.

పదింటికల్లా మా చెల్లెలు ఫోన్. "అన్నయ్యా, నువ్వన్నా చెప్పు దానికి. కొండమీద సరస్సే కావాలంటే అంత దూరం పోవాలా? అరకు లేదూ?" అరకులో సరస్సు లేదన్న సంగతి దానికీ తెలుసు. నేను చెప్పదలుచుకున్నది వేరు. వెళ్ళవే, కానీ ఆ షీటు అవతల పారేసి వెళ్ళు అని.

ఫోన్ చేద్దామనుకుంటూనే టోబా అన్న పేరు దగ్గర నా ధ్యాస దారి తప్పింది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

అది వానలకు నిండిన మామూలు సరస్సు కాదు. సుమారు 74 వేల ఏళ్ళ కిందట అక్కడొక అగ్నిపర్వతం బద్దలైంది. అది కక్కిన పదార్థం 2,800 ఘనపు కిలోమీటర్లని ఒక అంచనా. లోపల ఖాళీ అయ్యేసరికి పైనున్న నేలంతా కూలి పెద్ద గొయ్యి పడింది, ఆ గోతిలో నీళ్ళు చేరాయి. ఇవాళ ఆ సరస్సు పొడవు దాదాపు 100 కిలోమీటర్లు, వెడల్పు 30, లోతు కొన్నిచోట్ల 500 మీటర్లు దాటుతుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు వరకూ మా చెల్లెలి మాట నిజమే, అరకు కూడా అంతే. కిందనుంచి శిలాద్రవం మళ్ళీ ఒత్తడంతో సరస్సు అడుగు పైకి లేచి సమోసిర్ అనే దీవిగా తేలింది. ఆ దీవి మీద సిదిహోని అని మరో చిన్న సరస్సు. సుమత్రా దీవిలో సరస్సు, ఆ సరస్సులో దీవి, ఆ దీవిలో మళ్ళీ సరస్సు.

ఇక ఆ కక్కిన బూడిద సంగతి. గాలికెగిరి, సముద్రం దాటి, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా వచ్చి మన బనగానపల్లె పక్కన పడింది.

నంద్యాలలో భూగర్భశాస్త్రం చెప్పే మిత్రుడు ఒకసారి నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. మామిడికాయల కాలం. బనగానపల్లెలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని జ్వాలాపురం చేరాం. జుర్రేరు వాగు లోయ, చుట్టూ సున్నపురాయి గుట్టలు. ఒకచోట నేల తవ్వేసి ఉంది. గోతి గోడలో పైన ఎర్రమన్ను, కింద ఎర్రమన్ను, మధ్యలో నిలువెత్తు తెల్లటి పొర. మిత్రుడు చిటికెడు తీసి నా అరచేతిలో పోశాడు. విభూతిలా కనిపిస్తుంది గానీ వేళ్ళతో రుద్దితే గరుకు. "భూతద్దంలో చూడు, అంతా గాజుపెంకులే" అన్నాడు. ఆకాశం నుంచి నిజంగా రాలింది కొన్ని సెంటీమీటర్లేనట. ఆ తర్వాత వానలు చుట్టుపక్కల వాలులన్నీ కడిగి పల్లంలోకి తెచ్చిపోయడంతో మనిషి ఎత్తు దాటి పేరుకుంది.

గోతి గట్టున మేకలు మేపుకుంటున్న పెద్దాయన మమ్మల్ని వింతగా చూశాడు. "ఏముంది సార్ ఈడ చూసేకి, బూడిదే గదా! సామాన్లు తోమే పొడిలోకి లారీలకేసి తోలకపోతాంటారు" అన్నాడు. ఒక ఉపఖండాన్ని కమ్మేసిన బూడిద చివరికి వంటింటి సింకుకు చేరిందన్న మాట. మిత్రుడు నవ్వలేకపోయాడు.

ఎందుకంటే ఆ బూడిదకు పైనా కిందా దొరికిన వస్తువులే అసలు కథ. పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్, వాళ్ళ బృందం అక్కడ తవ్వి, 2007లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. బూడిద పొర కింద రాతి పనిముట్లున్నాయి. పొర పైన కూడా, దాదాపు అదే తీరులో చెక్కిన పనిముట్లున్నాయి. టోబా పేలుడుతో భూమి ఏళ్ళ తరబడి చల్లబడిపోయి మనుషులు దాదాపు తుడిచిపెట్టుకుపోయారని అప్పటికి గట్టి వాదం ఒకటి నడుస్తోంది. జ్వాలాపురం రాళ్ళు దానికి అడ్డం తిరిగాయి. ఆకాశం కూలినంత పనైనా ఆ వాగు ఒడ్డునే ఎవరో మళ్ళీ కూర్చుని రాయి చెక్కుకున్నారు. ఆ మనుషులెవరన్న దాని మీద పండితుల తగువు తీరలేదు. తీరేలోగా ఆ గోడలు మిగలాలి కదా! మేం వెళ్ళినప్పుడు అక్కడ ఒక బోర్డు లేదు, కంచె లేదు. బెలూం గుహలకీ యాగంటికీ వచ్చే జనంలో వందోవంతైనా ఇటు తొంగిచూడరు. సరస్సు చూడాలంటే పాస్‌పోర్టు కావాలి. దాని బూడిద చూడటానికి ఆర్టీసీ బస్సు చాలు.

ఇదంతా నా మేనకోడలికి ఫోన్‌లో అరగంట చెప్పాను. ఓపిగ్గా విని, "బాగుంది మావయ్యా, బనగానపల్లె కూడా షీట్‌లో పెట్టేస్తా" అంది. ఇక లాభం లేదని అసలు విషయానికొచ్చాను. దారిలో తెలియని ఊళ్ళో దిగడం, అడిగి తెలుసుకోవడం, తప్పిపోవడం, ఇవేవీ లేని ప్రయాణం ప్రయాణమే కాదన్నాను.

"నువ్వు చీకటిపడ్డాక తెలియని బస్టాండ్‌లో దిగితే కాలమ్ అవుతుంది మావయ్యా. నేను దిగితే అమ్మకి నిద్రుండదు. దారి తప్పితే కారు మాట్లాడుకోవాలి, పక్కన సగం పంచుకునేవాళ్ళు లేరు. తప్పిపోవడానికి నా దగ్గర బడ్జెట్ లేదు."

నేను ఆ షీటు మళ్ళీ తెరిచాను, ఈసారి కింది నుంచి పైకి. అప్పుడు తెలిసింది, అది తయారైందే అలా అని. మొదట రాసుకున్నది విమానం కాదు, పడవ. సరస్సు గట్టునున్న పరపట్ నుంచి సమోసిర్ మీదున్న టుక్‌టుక్‌కి జనం పడవలు పగలంతా తిరుగుతాయి, చీకటి పడితే ఉండవు. మీరు దిగే లాడ్జి పేరు చెప్తే దాని రేవులోనే దింపుతారు. కాబట్టి సాయంత్రం పడవ అందాలి. అందాలంటే మెదాన్ విమానాశ్రయం నుంచి పరపట్‌కి నాలుగైదు గంటల రోడ్డు, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. అంటే మెదాన్‌లో పొద్దున్నే దిగాలి. అంటే ముందురోజు రాత్రికే కౌలాలంపూర్‌లో ఉండాలి. విడివిడిగా కొన్న రెండు చవక టికెట్లలో మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ గోవిందా. అందుకే మధ్యలో ఒక రాత్రి ఖాళీ వదిలింది. ఆ రాత్రి గది ఖర్చు దండగలా కనిపిస్తుంది. నా లెక్కలో షీట్ మొత్తంలో తెలివైన ఖర్చు అదే.

కౌలాలంపూర్ నుంచి మెదాన్ గంట ప్రయాణం. గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి కాబట్టి బయల్దేరిన టైముకే దిగినట్టుంటుంది. దిగాక మనవాళ్ళకు వీసా అక్కడే ఇస్తారు, ముప్పై రోజులకి అయిదు లక్షల రూపాయలు. కంగారుపడకండి, వాళ్ళ రూపాయల్లో. మన లెక్కలో మూడు వేల లోపే. వాళ్ళ నోట్లలో అన్నిటికంటే పెద్దది లక్షది, నాలుగు టీలకే జేబులో సున్నాలు కలగాపులగం అవుతాయి. ఏటీఎంలు పెద్ద ఊళ్ళలోనే నమ్మకం గనక నగదు మెదాన్‌లోనే తీసుకుంటుందట.

ఇక్కడ నాలో దురాశ మేల్కొంది. అంత దూరం వెళ్ళి అడవిలో ఒరాంగుటాన్లని చూడకుండా వస్తావా, బుకిత్ లవాంగ్ పెట్టుకోలేదేం అన్నాను. "అది మెదాన్‌కి అటు వైపు, టోబా ఇటు వైపు. రెండు రోజులు బస్సుల్లోనే పోతాయి. ఒక్క సరస్సు చాలు" అంది. ప్యాకేజీల మీద అన్నేళ్ళు నిప్పులు కక్కిన మనిషికి ఈ జవాబు ఒక అమ్మాయి చెప్పాల్సొచ్చింది.

సమోసిర్ దీవి మీద నాలుగు రోజులుంటుంది. అంబరీతా దగ్గర అక్కడి బతక్ తెగ పెద్దలు తీర్పులు చెప్పిన రాతి కుర్చీలు, తొమోక్‌లో పాత రాజుల రాతి సమాధులు, పంగురురాన్ దగ్గర పుసుక్ బుహిత్ కొండ వాలున వేడినీటి ఊటలు. ఆదివారం మాత్రం గళ్ళు ఖాళీ. బతక్‌లు ఎక్కువగా క్రైస్తవులు, ఆ పూట చర్చిలో పాటలు వింటుందట. చేపలు తినే మనిషి కాబట్టి పసుపూ, నాలుక జివ్వుమనిపించే అందాలిమన్ మిరియమూ వేసి వండిన 'అర్సిక్' రాసుకుంది. తువాక్ అన్న మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. అది చెట్టు కల్లే, తెలంగాణవాళ్ళకు పరిచయం అక్కర్లేదు. తిరిగొచ్చేటప్పుడు సాంబ్రాణి తెమ్మన్నాను. మన ఇళ్ళలో వేసే ఆ ధూపపు బంక చెట్లను ఆ కొండల్లోని బతక్ రైతులు తరతరాలుగా పెంచి, గాట్లుపెట్టి బంక తీస్తున్నారు.

నా తీర్పు మార్చి రాస్తున్నాను. జేబులో డబ్బుండి, పక్కన తోడుండి, రాత్రి ఎక్కడ దిగినా ఎవరూ ఏమీ అడగని మగవాడికి ప్లాన్ అక్కర్లేదు. ఒంటరిగా, కొద్ది డబ్బుతో వెళ్ళేవాళ్ళకు ప్లాన్ ఉండి తీరాలి. ఊరికే కూర్చునే గంటన్నర అలా గడిలో రాసి పెట్టుకుంటే తప్ప దక్కదు.

ఆ షీట్‌లో నేను పట్టుబట్టి రాయించింది ఒకే వరుస, పడవ ఎక్కగానే లైఫ్ జాకెట్ చూసుకోవడం. ఎందుకో చెప్తాను. 2018 జూన్ 18న సమోసిర్‌లోని సిమానిండో నుంచి ఎదుటి ఒడ్డున ఉన్న తిగరాస్‌కి బయల్దేరిన సినార్ బంగున్ అనే పడవ టోబాలో మునిగింది. పండగ సెలవులు, వాతావరణం బాగాలేదు, మోయగలిగిన దానికి ఎన్నో రెట్లు జనాన్నీ పైగా మోటారుసైకిళ్ళనీ ఎక్కించారు. నూట అరవై మందికి పైగా దొరకనేలేదు. పడవ 450 మీటర్ల లోతున ఇప్పటికీ అక్కడే ఉంది. మీలో ఎవరైనా వెళ్తే ముందు లైఫ్ జాకెట్ ఎక్కడుందో చూసుకోండి. పడవ కిక్కిరిసి కనిపిస్తే ఎక్కకండి, పగటిపూట ఇంకో పడవ వస్తుంది.