ఎదుటి గుర్రం దారికి అడ్డు రాకూడదు

బళ్ళారిలో కంటోన్మెంట్ అన్న పేరు ఇవాళ ఒక పేటకూ, ఒక రైల్వే స్టేషన్‌కూ మిగిలింది. 1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి అప్పగించాక ఇక్కడ దండు దిగింది. దండు దిగిన చోటల్లా పరేడ్ మైదానం, గుర్రపుశాలలు, జిమ్‌ఖానా వెలిసేవి. మణిపూర్‌లో పుట్టి 1859లో సిల్చార్ క్లబ్‌కూ, 1862లో కలకత్తాకూ చేరిన పోలో దక్షిణాదికి వచ్చింది ఇలాంటి దండుల వెంటే. దండు తరలిపోయిన చోట ఆటా నిలవలేదు.

చూసేవారికి పోలోలో ముందు కనబడేది వేగం. ఆడేవారి మనసులో ఉండేది మాత్రం ఒక గీత. బంతిని కొట్టగానే అది పోయే దిక్కున మైదానం మీద కంటికి కనిపించని గీత పడినట్టే లెక్క. బంతిని తన కుడివైపు ఉంచుకుని ఆ గీత వెంట వచ్చేవాడిదే దారి. పక్కనుంచి వచ్చి గుర్రాన్ని అడ్డంగా తోలితే ఫౌల్. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే రెండు గుర్రాలు ఢీకొంటే ఏమవుతుందో ఆలోచిస్తే ఈ నిబంధన ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. అలాగని అడ్డుకునే వీలే లేదని కాదు. పక్కపక్కన పరుగెత్తుతూ తన గుర్రం భుజంతో ఎదుటి గుర్రాన్ని ఒరుసుకుని గీత మీంచి తప్పించవచ్చు. దెబ్బ వేసే క్షణంలో ఎదుటివాడి కర్రకు తన కర్ర తగిలించవచ్చు.

తీరిగ్గా చూడాల్సిన దెబ్బ బ్యాక్‌హ్యాండ్. పగ్గాలన్నీ ఎడమచేతిలో, నాలుగడుగులు దాటిన బెత్తపు కర్ర కుడిచేతిలో. గుర్రం ముందుకే దూసుకుపోతూ ఉంటుంది. ఆటగాడు తొడలతో జీనును బిగబట్టి పైకి లేచి, నడుము తిప్పి, కర్ర చివరనున్న చెక్క పక్కభాగంతో బంతిని వెనక్కి పంపుతాడు. మణికట్టు కాస్త తిప్పితే చాలు, బంతి గుర్రం తోక వెనకగా ఏటవాలుగా పోతుంది. ఆరితేరిన గుర్రం పగ్గం లాగకముందే వెనక్కి మళ్ళడానికి సిద్ధమవుతుంది. సగం ఆట దానిదే. అందుకే ఏడు నిమిషాల ఆటభాగం, అంటే చక్కర్, అయిపోగానే గుర్రాన్ని మారుస్తారు.

తెలుగు నేల మీద ఈ విద్యకు పేరు తెచ్చింది హైదరాబాదు. నిజాం సైన్యంలోని గోల్కొండ బ్రిగేడ్ జట్టంటే దక్షిణాదిలో హడలు. 1896లో బెంగళూరు కంటోన్మెంటుకు వచ్చిన నాలుగో హుస్సార్స్ అనే బ్రిటిష్ అశ్వదళం, ఓడ దిగి యాభై రోజులు కాకముందే ఆ జట్టును ఓడించింది. హుస్సార్స్ తరఫున ఆడిన యువ అధికారి విన్‌స్టన్ చర్చిల్. బొంబాయిలో దిగేటప్పుడే అతని కుడి భుజం దెబ్బతింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చేతిని కట్టుకునే ఆడాడు. దేశాలేలిన మనిషి ఆత్మకథ రాస్తూ ఆ గెలుపును గర్వంగా చెప్పుకున్నాడంటే, ఓడినవాళ్ళు ఎంతటివాళ్ళో ఊహించవచ్చు.

ఆటను ఒక పద్ధతిలో పెట్టడానికి 1892లో ఇండియన్ పోలో అసోసియేషన్ ఏర్పడింది. అమెరికాలో పుట్టిన హ్యాండికాప్ పద్ధతి ఇక్కడికీ వచ్చింది. ప్రతి ఆటగాడికీ మైనస్ 2 నుంచి 10 దాకా ఒక విలువ కడతారు. జట్ల మొత్తాల మధ్య తేడాను బట్టి బలహీనమైన జట్టుకు ముందే కొన్ని గోల్స్ ఇస్తారు. కొత్తగా నేర్చినవాడు ఆరితేరినవాడితో ఒకే మైదానంలో ఆడేందుకు ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు మరే ఆటలోనూ కనబడదు.

స్వతంత్ర భారత జట్టు 1957లో ఫ్రాన్స్‌లోని దోవిల్‌లో గోల్డ్ కప్ గెలిచింది. నాయకుడు జైపూర్ మహారాజా మాన్‌సింగ్. సంస్థానాలు పోయాక ఆటను నిలబెట్టింది సైన్యం. మైసూర్ లాన్సర్లతో సహా పాత సంస్థానాల అశ్వదళాల నుంచి 1953లో ఏర్పడిన దళమే నేటి 61వ కావల్రీ. సైన్యం చేసిన మేలు చిన్నది కాదు. కానీ ఆట ఢిల్లీ, జైపూర్ మైదానాల చుట్టూ, దండూ ధనమూ ఉన్నచోటనే తిరుగుతూ ఉండిపోయింది. అర్జెంటీనాలో పశువుల క్షేత్రాల్లో గుర్రమెక్కి పెరిగినవాళ్ళు ఆటలోకి వచ్చారు. ఆ దేశం 1924లో, 1936లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. ఆట అలా పెరుగుతుంది.

మనకు అడ్డంకి నేల. నిండు మైదానానికి పదెకరాలు కావాలి. సికింద్రాబాద్‌లో రక్షణశాఖ చేతిలో ఉన్న బైసన్ పోలో మైదానాన్ని 2017లో తెలంగాణ ప్రభుత్వం కొత్త సచివాలయం కోసం కోరింది. వివాదం హైకోర్టుకు చేరింది. చివరికి సచివాలయం పాత చోటే లేచింది. ఊళ్ళో అంత నేల మళ్ళీ దొరకదు కాబట్టి ఆ మైదానం మిగలడం మంచిదైంది.

అయితే పదెకరాల కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. అరీనా పోలోలో జట్టుకు ముగ్గురే. ఆవరణ వంద గజాల పొడవు, యాభై గజాల వెడల్పు, అంటే ఎకరానికి కాస్త ఎక్కువ. బంతి పెద్దది, గాలి నింపినది. హైదరాబాదు శివారు అజీజ్‌నగర్‌లోని పోలో అండ్ రైడింగ్ క్లబ్ ఈ దారి పట్టింది. నగర పోలీసులకూ గుర్రపుశాల ఉంది. ఇండియన్ పోలో అసోసియేషన్ అలాంటి శాలలతో ఒప్పందం చేసుకుని, సర్కారు బడి పిల్లలకు వారానికి రెండుసార్లు స్వారీ నేర్పించడానికి శిక్షకులను పంపితే, హ్యాండికాప్ పట్టికలో మైనస్ 2 దగ్గర మొదలయ్యే పేర్లు మన ఊళ్ళ నుంచీ వస్తాయి.